పన్నెండు మందిని మోసిన టాపు

మా వీధిలో జీపు టాపు గట్టిదో కాదో తేల్చే పద్ధతి ఒకటుంది. పాత టాపు కోసి, కొత్తది బిగించి, రంగు ఆరాక, షెడ్డులో ఉన్న మగవాళ్ళు దాని మీదికెక్కి గెంతుతారు. ఎనిమిది మంది. ఎవడో ఒకడు ఫోన్లో పాట పెడతాడు, కిందనున్నవాళ్ళు చప్పట్లు కొడతారు, బండి ఓనరు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుంటాడు. రేకు సొట్ట పడకపోతే, ఎక్కడా టక్కుమని చప్పుడు రాకపోతే, పని అయిపోయినట్టే. ఓనరు సోడాలు తెప్పిస్తాడు, మనసున్నవాడైతే మేకను కోయిస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మేక మాంసం నేనూ తిన్నాను. కాబట్టి నాకొక్కదానికే తెలివి ఉందని, మిగతావాళ్ళంతా మూర్ఖులని చెప్పడానికి నేనీ కథ మొదలుపెట్టడం లేదు.

నా పేరు ఆగ్రిపినా. అరూషాలో, పిండిమరల వెనక వీధిలో జీపులకు సీట్లు, కాన్వాసులు కుడతాను. నా కొట్టుకు ఆనుకునే ఎలింగాయా షెడ్డు. మధ్యలో ఒక్క రేకు గోడ. అతను దగ్గితే నాకు వినబడుతుంది, నేను తిడితే అతనికి వినబడుతుంది. నేను రోజూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటాను గనక పాపం అతనికి తీరిక లేదు.

ఎలింగాయా మా ఊరి పక్క మేరు కొండ కింది మనిషి. వాళ్ళ నాన్నకు అరెకరం అరటితోట, నాలుగు వరసల కాఫీ మొక్కలు ఉండేవి. దాంట్లో అయిదుగురు అన్నదమ్ములు బతకలేరని పెద్దవాడైన ఎలింగాయా టౌనుకొచ్చి మంచాలు, కిటికీ ఊచలు వెల్డింగ్ చేస్తూ పని నేర్చుకున్నాడు. అతని అతుకు చూడాలి మీరు. పుట్టీ పెట్టి దాచాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. మాట తక్కువ. నవ్వితే చేత్తో నోరు మూసుకునేవాడు, ముందు పన్ను ఒకటి లేదని. చివరి తమ్ముడు అనందుమిని బళ్ళోకి పంపింది, డ్రైవరు లైసెన్సు ఇప్పించింది, పెళ్ళి చేసింది అంతా ఇతనే. తమ్ముడి మాటొస్తే మాత్రం మా మూగ మేస్త్రీకి నోరు వచ్చేసేది.

ఇక్కడ జీపు టాపు ఎందుకు కోస్తారంటే, టూరిస్టులు నిలబడి సింహాన్ని చూడాలి గనక. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వాడి వదిలేసిన ముప్ఫై ఏళ్ళ నాటి జీపులు ఓడల్లో వస్తాయి. వాటిని మధ్యకు కోసి పొడుగు పెంచుతారు. టాపు రేకును గ్యాస్ కట్టరుతో డబ్బా మూతలా కోసి తీసేస్తారు. దాని బదులు నాలుగు కాళ్ళ మీద పైకి లేచే మూత పెడతారు. చుట్టూ ఉన్న సందులకు దుమ్ము రాకుండా నా కాన్వాసు. అయితే టాపు అంటే ఎండకు అడ్డం మాత్రమే కాదు. ఎడమ గోడను, కుడి గోడను పట్టి ఉంచేది అదే. అది తీసేస్తే ఆ రెండు గోడలకూ ఒకదాన్నొకటి పట్టుకునే దిక్కు ఉండదు. అందుకే ఎలింగాయా మొదట్లో మందమైన పైపు వంచి రెండు ఆర్చీలు పెట్టేవాడు. డ్రైవరు వీపు వెనక ఒకటి, చివరి సీటు వెనక ఒకటి. వాటి కాళ్ళు నేల రేకుకు అతికి ఊరుకునేవాడు కాదు, రేకుకు కన్నం పెట్టి కింద ఛాసిస్ దాకా దించేవాడు.

అప్పుడు ఉరాసా గారు వచ్చారు. మా ఊళ్ళో పాత జీపుల ఓనర్లకు ఒక సంఘం ఉంది, దానికి ఆయనే అధ్యక్షుడు. మంచి మనిషే, నా కూలి ఏనాడూ ఆపలేదు. ఆయన కొత్తగా కోసిన జీపులో నిలబడి, కెమెరా కంటికి ఆనించుకుని, మెడ అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటయ్యా మేస్త్రీ, ఎటు చూసినా నీ పైపే కనబడుతోంది. సింహానికి గాజు తొడిగినట్టుంది. తీసెయ్ దీన్ని!"

"అది డ్రైవరు వెనక ఆర్చి సార్. అది ఉంటేనే..."

"వెనకాలది ఉందిగా? ఎనిమిది మంది గెంతితే ఆగుతుందా, ఆగదా? అది చెప్పు నాకు."

ఎలింగాయా ముందరి ఆర్చి తీసేసి, పక్క రేకులకు లోపల పట్టీ వేసి, ఎనిమిది మందిని ఎక్కించాడు. ఆగింది. సొట్ట కూడా పడలేదు. ఉరాసా గారు ఆరోజు రెండు మేకలు కోయించారు. అద్దం దగ్గర్నుంచి చివరి సీటు దాకా అడ్డం లేకుండా తెరుచుకునే టాపు మా ఊళ్ళో అదే మొదటిది. ఆ తరవాత ఎలింగాయా పేరు మోగిపోయింది. రెండేళ్ళలో అలాంటివి పన్నెండు జీపులు కోశాడు. నాకు ఒక్కో బండికి కాన్వాసు సగం ఎక్కువ పట్టేది, కూలి కూడా ఎక్కువే. నేనెందుకు కాదంటాను? అలా కోసిన పన్నెండింట్లో ఒకటి తమ్ముడు అనందుమి నడిపేది.

ఏప్రిల్ వానల్లో అనందుమి పోయాడు. వేగంగా నడిపి పోలేదు. నల్లరేగడి బురద, బండి జారుతోందని టూరిస్టులను దించి నడిపించాడు. ఒక్కడే స్టీరింగు పట్టుకుని, మనిషి నడిచేంత నిదానంగా బురద దాటుతున్నాడు. ఎడమ చక్రాలు గట్టు దిగాయి. బండి పక్కకు ఒరిగింది, ఒరిగినట్టే ఒరిగి మెల్లగా కాలవలోకి బోల్తా పడింది. కాలవ నడుంలోతు కూడా లేదు. దూరంగా నిలబడి చూసిన టూరిస్టు ఒకాయన, ఇంతేనా అనుకుని, నవ్వుతూ సాయానికి పరిగెత్తాడట. వెళ్ళి చూస్తే డ్రైవరు తలుపు మీది మూల స్టీరింగు దాకా దిగిపోయి ఉంది. అనందుమి బెల్టు పెట్టుకునే ఉన్నాడు. బెల్టు ఏం చేస్తుంది, తల ఉండాల్సిన చోటే లేకపోతే?

తమ్ముణ్ణి అరటితోటలో పూడ్చి వచ్చాక ఎలింగాయా ఆ నుజ్జయిన జీపును లారీ మీద షెడ్డుకు తెప్పించుకున్నాడు. నాలుగు రోజులు దాని చుట్టూ తిరిగాడు. ముట్టుకున్నాడు, కొలిచాడు, లోపల పడుకుని చూశాడు. వాళ్ళావిడ అన్నం పంపితే అలాగే ఉండిపోయేది. అయిదో రోజు పొద్దున్నే నా కొట్టులోకి వచ్చి, దారపు కండెలు వచ్చిన అట్టపెట్టె తీసుకుని, దాని మూతా అడుగూ కోసి, బల్ల మీద పెట్టాడు.

"దీని మీద చెయ్యి పెట్టి నొక్కు, ఆగ్రిపినా."

నొక్కాను. ఆగింది.

"ఇప్పుడు పై మూల మీద పక్కనుంచి నెట్టు."

ఒక్క వేలుతో నెట్టాను. పెట్టె పక్కకు వాలి చదునుగా పడుకుంది.

"మనవాళ్ళు నిటారుగా గెంతుతారు," అన్నాడు. "బండి బోల్తా పడేటప్పుడు నిటారుగా పడదు. మూల మీద పడుతుంది. పక్కనుంచి తోస్తుంది. ఇన్నేళ్ళుగా మనం గెంతి చూసిందంతా ఏంటి మరి? ఏమీ కాదు. నేనే చంపుకున్నాను వాణ్ణి."

"ఛ, ఊరుకో! నువ్వు కావాలని చేశావా ఏంటి?" అన్నాను.

"ఇంకా పదకొండు ఉన్నాయి," అన్నాడు.

ఆ రోజు నుంచి అతనికి అదొక్కటే పని. ఆ పదకొండు జీపులకూ డ్రైవరు వెనక ఆర్చి పెట్టాలి. కూలి వద్దు, పైపు ఖర్చు కూడా వద్దు, బండిని మూడు రోజులు షెడ్డులో వదిలితే చాలు అని ఓనరు ఓనరు దగ్గరికీ వెళ్ళాడు. టాపు మీద సామాను కేరియర్లూ రెండేసి స్టెపినీ టైర్లూ తీసెయ్యమని కూడా బతిమాలాడు. పైన బరువెక్కేకొద్దీ బండి తొందరగా ఒరుగుతుంది కదా. ఒక్కో బండీ ఉన్నవాళ్ళు నలుగురు తెచ్చారు. డ్రైవర్లూ వాళ్ళే, ఓనర్లూ వాళ్ళే. మిగిలిన ఏడూ ఉరాసా గారివి. ఆయన నా కొట్టు ముందే నిలబడి ఎలింగాయాకు జవాబు చెప్పారు.

"మేస్త్రీ, నీ తమ్ముడు నాకూ తమ్ముడి లాంటివాడే. శవపేటిక ఎవరు కొన్నారు? నేనే కదా. కానీ ఇప్పుడు ఏడు బళ్ళకీ పైపులు పెట్టించాననుకో, జనం ఏమంటారు? ఓహో, ఇన్నాళ్ళూ పైపుల్లేకుండానే మమ్మల్ని తిప్పాడన్నమాట అంటారా, అనరా?"

"అననివ్వండి సార్. మనుషులు బతుకుతారు."

"బుకింగులు పోతాయి! సరే, నీ మాట కాదనను. సన్నటి నీళ్ళ పైపు ఒకటి వంచి, నేల రేకుకు అతికెయ్. నల్ల రంగు కొట్టు. ఫొటోలో కనబడదు, నీ మనసుకీ తృప్తి."

"నీళ్ళ పైపు నీళ్ళకే సార్," అన్నాడు ఎలింగాయా. "నేల రేకు మన గోరంత మందం. అంతటి బరువు పడితే పైపు దాన్ని చీల్చుకుని కిందికి పోతుంది. దొంగ ఆర్చి నేను పెట్టను."

"అయితే నీ ఇష్టం. పని చెయ్యనన్నది నువ్వు, నేను కాదు," అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ ఏడు జీపుల్లో ఒకదానికి డ్రైవరు మెయిజో. పొడుగ్గా, సన్నగా, సాగిన చెవి తమ్మెలతో ఉండేవాడు. నా కొట్టు దగ్గర ఆగకుండా వెళ్ళేవాడు కాదు. సీటు చిరిగిందని వస్తాడు, చాయి తాగుతాడు, నేను వేయించుకొచ్చిన మందాజీ బూరెలు రెండు జేబులో వేసుకుంటాడు.

"ఏరా, మందాజీలకు డబ్బు ఎవడిస్తాడు, మీ తాతా?"

"మా తాతకు ఆవులున్నాయక్కా. మనువు చేసుకుంటావా, ఇరవై ఆవులిస్తాడు. పళ్ళు లేవంతే."

"నీకున్న పళ్ళు కూడా రాలగొడతా, పో!"

ఎలింగాయా ఒకనాడు అతన్ని పట్టుకుని, నుజ్జయిన జీపు దగ్గరికి తీసుకెళ్ళి, మూల ఎక్కడ విరిగిందో, గోడ ఎటు వాలిందో అంతా చూపించాడు. మెయిజో తిరిగొచ్చాక చాయి ముట్టుకోలేదు.

"మీ ఓనరు ఊళ్ళో లేనప్పుడు బండి తెచ్చి పెట్టు, మూడు రోజుల పనైనా నిద్ర మాని ఒక్క రోజులో కట్టేస్తానన్నాడక్కా మేస్త్రీ," అన్నాడు.

"తేరా మరి."

"ఎలా తేను? ఎక్కడికి పోయిందో ఆయన ఫోన్లో చూస్తూ ఉంటాడు. బండి ఆయనది, చక్రాలు ఆయనవి. ప్రాణం ఒక్కటే నాది. అది ఫోన్లో కనబడదు మరి." నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వడానికి ఏముందని ఇప్పుడు అనిపిస్తుంది.

జూన్‌లో ఎలింగాయా పట్టుబట్టి సంఘం వాళ్ళందర్నీ షెడ్డుకు పిలిచాడు. టాపు కోసిన రెండు పాత బాడీలను పక్కపక్కన నిలబెట్టాడు, ఒకటి డ్రైవరు వెనక ఆర్చితో, ఒకటి అది లేకుండా. ముందు రెండింటి మీదా ఎనిమిదేసి మందిని గెంతించాడు. రెండూ ఆగాయి. తరవాత లారీ జాకీని అడ్డంగా పెట్టాడు, ఒక కొస షెడ్డు గోడకు, ఒక కొస ఆర్చి లేని బాడీ పై మూలకు ఆనించి, పిడి కొట్టడం మొదలుపెట్టాడు. ఆరోసారి కొట్టేసరికి రెండు గోడలూ కలిసి ఒకే పక్కకు వాలాయి, మూత వచ్చి ముందు సీట్ల మీద కూర్చుంది. చప్పుడు కూడా పెద్దగా లేదు. తరవాత ఆర్చి ఉన్నదానికి పెట్టాడు. ఇరవైసార్లు కొట్టినా బాడీ కదల్లేదు, షెడ్డు గోడ పగిలి రెండు ఇటుకలు రాలాయి.

ఇంక అయిపోయింది, ఇతను గెలిచాడు అనుకున్నాను. ఉరాసా గారు వాలిపోయిన బాడీ చుట్టూ తిరిగి, బాగా ఆలోచించి, గొంతు సవరించుకున్నారు.

"మన మేస్త్రీ కళ్ళు తెరిపించాడు. ఎనిమిది మంది చాలరని తేలిపోయింది. ఇకనుంచి మన సంఘంలో ప్రతి టాపు మీదా పన్నెండు మంది ఎక్కాలి. ఎక్కినవాళ్ళ పేర్లు రాసి సంతకాలు పెట్టాలి. ఆ కాగితం లేని బండి రోడ్డెక్కదు. స్వర్గస్థుడైన అనందుమి పేరు మీదే ఈ నియమం పెడదాం."

చప్పట్లు కొట్టారు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, చప్పట్లు కొట్టారు. ఎలింగాయా జాకీ పిడి చేతిలో పట్టుకుని, "ఎక్కేవాళ్ళ సంఖ్య కాదు సార్, అది కాదు నేను..." అంటూనే ఉన్నాడు. ఎవరో అతని భుజం తట్టి, నీ తమ్ముడి ఆత్మ శాంతిస్తుంది అన్నారు. అప్పటికే మిగతావాళ్ళు సోడాల చుట్టూ మూగారు.

ఉరాసా గారి ఏడు జీపులకూ ఎదుటి షెడ్డులో పరీక్ష పెట్టారు. ఎలింగాయా తన షెడ్డులో పెట్టనివ్వనన్నాడు. అంతకు ముందు రోజే ఉరాసా గారు నాకు ఏడు బళ్ళకూ కొత్త కాన్వాసు పని అప్పజెప్పారు, ఆరు నెలల పని. మెయిజో జీపు వంతు వచ్చేసరికి మనుషులు పదకొండు మందే ఉన్నారు. ఒకడు అన్నానికి పోయాడు. టాపు మీంచి మెయిజోయే నన్ను పిలిచాడు.

"అక్కా, రా! నువ్వొక్కదానివి ఇద్దరి పెట్టు!"

"నోరుముయ్యి, సన్నాసీ! పడ్డానంటే నీ నడుం విరుగుతుంది!"

అంటూనే వెళ్ళాను. నడుముకు చుట్టుకున్న కంగా గుడ్డ ముడి బిగించుకుని, నిచ్చెన ఎక్కి, పన్నెండో మనిషిగా గెంతాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషంగానే గెంతాను. పాట బాగుంది, కింద జనం ఈలలు వేస్తున్నారు, యాభై ఏళ్ళ ఆడదాన్ని టాపు మీదికెక్కించి ఆడించారు. అప్పుడు వీధి అవతల ఎలింగాయా కనిపించాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నాకు పెట్టె గుర్తొచ్చింది, ఒక్క వేలుతో నెట్టింది గుర్తొచ్చింది. అయినా పాట అయ్యేదాకా గెంతి, దిగి, కాగితం మీద సంతకం పెట్టాను. సాయంత్రం అతను నాతో ఏమీ అనలేదు. అని ఉంటే పోయేది, నేనూ నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

నవంబరు చినుకుల్లో మెయిజో పోయాడు. టూరిస్టులను చిన్న విమానం దగ్గర దించి ఖాళీ బండితో తిరిగొస్తున్నాడు. కంకర రోడ్డు మీద గాడిద అడ్డం వచ్చిందట, తిప్పాడు, బండి ఒక్క పల్టీ కొట్టి మళ్ళీ చక్రాల మీద నిలబడింది. ఒక్క పల్టీ. వెనక సీట్లు చెక్కుచెదరలేదు. నేను కుట్టిన కాన్వాసు కూడా చిరగలేదు. గాడిద బతికింది. డ్రైవరు మీది మూల మళ్ళీ అక్కడికే దిగింది, స్టీరింగు దాకా.

శవం దగ్గర ఉరాసా గారు మాట్లాడుతూ, సంఘం నియమం ప్రకారం పన్నెండు మందిని మోసిన బండి ఇది, అయినా విధి రాత అన్నారు. నిజంగానే ఏడ్చారు. మెయిజో పెళ్ళాం నేల మీద కూర్చుని ఉంది. ఎలింగాయా జనాన్ని తోసుకుని వచ్చి ఆమె ముందు మోకరిల్లాడు.

"అమ్మా, ఆ టాపు కోసింది నేనే. తప్పు కోత. నేనే."

నలుగురు అతన్ని పట్టి లాగేశారు. "ఏంటి మేస్త్రీ, సమయం సందర్భం లేదా!" అని కసిరారు. ఆమె అతన్ని చూసింది గానీ ఏమీ అర్థం చేసుకునే స్థితిలో లేదు.

రెండు రోజుల తరవాత అతను శుభ్రమైన చొక్కా వేసుకుని నా కొట్టు ముందుకొచ్చాడు.

"తోడు రా, ఆగ్రిపినా. ఠాణాకు పోవాలి."

"ఎందుకయ్యా?"

"నన్ను అరెస్టు చెయ్యమంటాను. నా మీద కేసు పెడితే ఆ కోత తప్పని కోర్టులో రాస్తారు. రాస్తే మిగిలిన ఆరు బళ్ళూ ఆపాల్సిందే. వేరే దారి లేదు. నాకు మాటలు రావు, నువ్వు చెప్పు. పెట్టె సంగతి చెప్పు, జాకీ సంగతి చెప్పు. నువ్వు చూశావు కదా."

దారంతా నేను ఏం చెప్పాలో లోపల్లోపల అనుకుంటూనే నడిచాను. నోరున్నదాన్ని, భయమెందుకు అనుకున్నాను.

ఠాణాలో అధికారి పెద్దమనిషి. మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎలింగాయా తడబడుతూ, చేతులతో ఆర్చి గీస్తూ, మూలలు చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు. అధికారి ఓపిగ్గా విని, మెయిజో జీపు కాగితాల కట్ట తెప్పించాడు.

"మేస్త్రీ, బండి కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదయ్యా. ఇదిగో, పన్నెండు మంది ఎక్కారు, సంతకాలున్నాయి." వేలు కిందికి జరిపాడు. "పన్నెండోది ఆగ్రిపినా. నువ్వేనా తల్లీ?"

"నేనే."

"నువ్వు ఎక్కినప్పుడు టాపు ఆగిందా, లేదా?"

"ఆగింది."

"మరి? ఈయన ఇది తప్పుడు టాపు అంటున్నాడు. అది నిజమైతే ఈ కాగితం అబద్ధమవుతుంది. అప్పుడు కింద సంతకాలు పెట్టిన మీ పన్నెండు మందినీ పిలవాలి. మనిషి పోయాడు కదా, ఊరికే పోదు." అతను బెదిరించడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాడు. "నువ్వేమంటావు?"

ఎలింగాయా నా వైపు తిరిగాడు. ముఖంలో ఎంత ఆశ! ఇప్పుడు చెబుతుంది అనుకున్నాడు. నాకు నా కుట్టుమిషను గుర్తొచ్చింది, ఉరాసా గారి పని గుర్తొచ్చింది, ఠాణా గదులు గుర్తొచ్చాయి.

"తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఇలాగే మాట్లాడుతున్నాడయ్యా," అన్నాను. "మనసు నిలకడగా లేదు."

అధికారి తల ఊపాడు. "పాపం," అన్నాడు. ఎలింగాయా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి పో పెద్దాయనా. నీ తప్పేం లేదు. కొన్నాళ్ళు పని మానేసి విశ్రాంతి తీసుకో," అన్నాడు. ఎలింగాయా లేచాడు. నన్ను తిట్టలేదు. వచ్చేటప్పుడు రోడ్డు దాటుతుంటే, బస్సు వస్తోందని నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు కూడా.

ఊళ్ళో మాట పాకడానికి ఎంతసేపు! మేస్త్రీకి మతి చలించిందట, ఆగ్రిపినాయే చెప్పిందట, ఠాణాకెళ్ళి తనంతట తనే అరెస్టు చెయ్యమన్నాడట అని వీధంతా నవ్వుకుంది. ఇప్పుడు అతని షెడ్డుకు జీపులు రావు. మళ్ళీ మంచాలు, కిటికీ ఊచలు చేస్తున్నాడు. గోడ అవతల దగ్గు వినబడుతుంది. నేను తిట్టడం తగ్గించాను.

ఆ ఆరు జీపులూ తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఒకదానికి కొత్తగా చేరిన డ్రైవరు పేరు నికోడెము. మొన్న సీటు కవరు కోసం వచ్చినప్పుడు నేనే కూర్చోబెట్టి చాయి ఇచ్చాను. అట్టపెట్టె తీసుకుని, మూతా అడుగూ కోసి, నొక్కమన్నాను, నెట్టమన్నాను. బండి నడపకురా, ఓనరుకు ఎదురు చెప్పు, లేకపోతే మానెయ్యి, ఆ మేస్త్రీ చెప్పిందంతా నిజం, నా కళ్ళతో చూశాను అని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

నికోడెము పెట్టెను చూసి, నన్ను చూసి, జాలిగా నవ్వాడు.

"అదేంటక్కా, ఆయనకు మతి లేదని ఠాణాలో చెప్పింది నువ్వే కదా?"

కవరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రేపు తెల్లవారుజామున అయిదుగురు టూరిస్టులను ఎక్కించుకోవాలట.